లెక్కకు రాని అడుగు

పైన్‌హుక్, ఇండియానా
జూన్ 9, 1996

ఒరేయ్ డెల్,

నిన్న ఫోన్‌లో "ఆ కేసు తప్ప ఇంకేదైనా అడుగక్కా" అని టక్కున పెట్టేశావు. నాకు అడగాల్సింది ఆ ఒక్కటే. అందుకే కాగితం తీశాను. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

లియోనా నీకు తెలియదు. మా రేసు ట్రాక్‌లో పదహారేళ్లుగా క్యాంటీన్ నడుపుతోంది. నేను టవర్‌లో కూర్చుని కార్ల టైములు చదువుతుంటే, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి కాఫీ తెచ్చి ఇచ్చే మనిషి. ఏప్రిల్‌లో వాళ్లాయన రేమండ్ కాలు విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేయించి ఇంటికి తీసుకొస్తోంది. కాలు చాపుకోవడానికి వీలుగా అతన్ని వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టింది. కాబ్ కార్నర్ దగ్గర మా పల్లె రోడ్డు హైవేను దాటుతుంది. అక్కడ లారీ వచ్చి కారు తోకను కొట్టింది. రేమండ్ అక్కడికక్కడే పోయాడు. లియోనాకు మణికట్టు మాత్రం విరిగింది.

ఆమె మొదటి రోజు నుంచీ చెప్పేది ఒకటే మాట. "పూర్తిగా ఆపాను. లారీ దాణా గోదాం దగ్గర ఉంది. దాటగలను అనుకున్నాను. పెడల్ నేలకంటా నొక్కాను." పోలీసులు నమ్మలేదు. లారీ మీదికి వచ్చేశాక తెగించి దూరిందనీ, ఇప్పుడు అబద్ధమాడుతోందనీ వాళ్ల వాదన. మొగుణ్ని చంపినందుకు ఆమె మీద కేసు పెట్టారు. ఊళ్లో కొందరైతే ఇంకా ముందుకు పోయారు. మొగుడూ పెళ్లాల మధ్య సఖ్యత లేదట, కావాలనే వెనక కూర్చోబెట్టిందట!

వీటన్నిటికీ ఆధారం ఒక రిపోర్టు. అలాంటి కారుకే డాష్‌బోర్డు మీద పరుగు కొలిచే పెట్టె ఒకటి బిగించి పరీక్షించారట. ఆగిన చోటు నుంచి హైవే దాటడానికి కారుకు 4.2 సెకన్లు చాలని ఆ పెట్టె చెప్పిందట. ఆమె లాయరు ఫౌట్స్ ఆ రిపోర్టు నాకు చూపించాడు. చివరి పేజీలో నీ సంతకం ఉంది. ఆ వంకర 'డి'ని నేనెక్కడైనా గుర్తుపడతాను. నేర్పింది నేనే.

మీ కంపెనీ చేసే ఆ పెట్టె అంత ఖచ్చితమా, డెల్?

నీ అక్క,
వర్నా

*

టొలీడో, ఒహాయో
జూన్ 17, 1996

అక్కా,

నడుస్తున్న కేసు గురించి నేను ఇలా రాయకూడదు. నువ్వు కాబట్టి రాస్తున్నాను. ఇదే మొదలు, ఇదే ఆఖరు.

నువ్వు ఏం అనుమానిస్తున్నావో నాకు తెలుసు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు ముక్కు పైకి లేస్తుంది. ముక్కుతో పాటు పెట్టె కూడా వెనక్కి వాలుతుంది. ఆ వాలును పెట్టె వేగమని పొరబడితే, కారు ఉన్నదానికంటే చురుకైనదిగా కనిపిస్తుంది. ఇది మేమెప్పుడో దిద్దుకున్న తప్పు. ఏ కారు ఎంత లేస్తుందో ముందే కొలిచి ఆ అంకె పెట్టెలో వేస్తాం. కాబ్ కార్నర్‌లో అలాగే వేశాను. లియోనా కారు కంపెనీదే, ఆ ఏడాదిదే కారు తెప్పించాను. వెనక సీట్లో రేమండ్ బరువుకు సరిపడా ఇసుక సంచులు వేశాను. పన్నెండు సార్లు దాటించాను. పన్నెండు సార్లూ 4.2కు అటూ ఇటూ.

లారీ దాణా గోదాం నుంచి ఆ చోటికి రావడానికి 4.6 సెకన్లు పడుతుంది. ఆమె చెప్పినట్టే జరిగుంటే, లారీ వచ్చేసరికి కారు దాటిపోయి ఉండాలి. కారు దాటేసరికి లారీ ఇంకా ముప్ఫై అడుగుల దూరంలో ఉండాలి. అలా జరగలేదు. అంటే లారీ గోదాం దగ్గర లేదు, ఇంకా దగ్గరికి వచ్చేసింది. ఆమె అబద్ధమాడుతోందని నేను రాయలేదు. దుఃఖంలో మనిషి జ్ఞాపకం తనకు కావలసినట్టు సర్దుకుంటుంది.

పెట్టె ఖచ్చితమా అని అడిగావు. పందెగాళ్లకు మీ టవర్‌లో ఇచ్చే టైము చీటీలతోనే వెయ్యిసార్లు పోల్చి చూశాం. తేడా సెకనులో వందో వంతు, మహా అయితే రెండు. నమ్మకపోతే నువ్వే చూసుకో.

డెల్బర్ట్

*

పైన్‌హుక్
జూలై 8, 1996

డెల్,

చూసుకున్నాను.

పాస్టరు గారి వదినగారిది అదే కారు, అదే ఏడాదిది. బతిమాలి తెచ్చాను. మా ట్రాక్‌లో కుర్రకారులో సగం మంది డాష్‌బోర్డు మీద నీ పెట్టెలే. ఒకటి అడిగి తెచ్చి బిగించాం. పందెం మొదలుపెట్టే మా డచ్ నడిపాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఆ కారులోకి దిగుతూ, "వర్నా, దీన్ని నడపడం కంటే తొయ్యడం తొందరేమో" అన్నాడు. నేను టవర్‌లో కూర్చున్నాను. అరవై అడుగుల దగ్గర దారికి అడ్డంగా మాకో కాంతి గీత ఉంది కదా, కారు దాన్ని తాకగానే పడే టైము చూశాం.

మా చీటీ 3.37. నీ పెట్టె 3.36. రెండోసారి 3.39, 3.38. అయిదుసార్లు నడిపాం. అయిదుసార్లూ అంతే.

నువ్వే గెలిచావు. దాచుకునే అలవాటు నాకు లేదు. ఆ సాయంత్రమే లియోనా ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె పెరట్లో బఠానీలు వలుస్తోంది. ఒక చెయ్యి కట్టులో ఉంది, ఒక్క చేత్తోనే వలుస్తోంది.

"అయితే నేను అబద్ధమాడుతున్నానా, వర్నా?"

"అలా అనలేదు. గుర్తు తప్పావేమో అంటున్నాను."

"గోదాం గోడ మీద ఎర్ర కోడి బొమ్మ ఉంటుంది చూడు. లారీ ముక్కు సరిగ్గా ఆ కోడి మీద ఉంది. రేమండ్ వెనక నుంచి 'పోనీ పోనీ, బోలెడు టైముంది' అన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి మీద నెట్టేస్తున్నానంటారని."

మిగిలిన కాయలన్నీ వలిచేసింది. చివరికి, "నేరం ఒప్పుకుంటే రెండేళ్లతో పోతుందట. లెక్కలే అలా చెబుతుంటే నేనెవర్ని కాదనడానికి? ఏమో, నా బుర్రే కోడిని కల్పించుకుందేమో" అంది.

డెల్, ఇరవై రెండేళ్లుగా మనుషులు తమ టైముల గురించి చెప్పే అబద్ధాలు వింటున్నాను. అబద్ధమాడేవాడు ఎప్పుడూ తన వైపే గట్టిగా లాగుతాడు. ఈమె తన మీదే అనుమానపడుతోంది.

వర్నా

*

టొలీడో
జూలై 15, 1996

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి గుండె మీది బరువు దిగింది. నాకు నచ్చని సంగతైనా దాచకుండా రాసేది ఈ లోకంలో నువ్వొక్కదానివే. లియోనా గురించి నిజంగా బాధగా ఉంది. రెండేళ్లు అంటే ఒప్పుకోమని చెప్పు. విచారణకు వెళ్తే ఆరేళ్లు పడొచ్చు.

నీకొక సంతోషం వార్త. ఇంకా ఎవరికీ తెలియదు. రోడ్డు ప్రమాదాల పరిశోధన మొత్తానికి మా పెట్టెనే వాడేలా మూడు రాష్ట్రాల పోలీసులతో మాటలు నడుస్తున్నాయి. సెప్టెంబరులో ఒప్పందం. నా పార్ట్‌నర్ హోవార్డ్ అయితే గాల్లో తేలుతున్నాడు. కంపెనీ పెట్టిన రోజుల్లో వాళ్ల గ్యారేజీలో కుర్చీలు లేక బకెట్లు బోర్లించి కూర్చునేవాళ్లం, గుర్తుందా? మీ చీటీలతో రెండేళ్లు కుస్తీ పట్టాం. అవి ఎంత చెబితే పెట్టె అంతే చెప్పేదాకా నిద్రపోలేదు. ఆ శ్రమంతా ఇప్పుడు ఫలించింది.

నవంబరులో ఇక్కడికి రా. చేపల వేపుడు తినిపిస్తాను.

నీ తమ్ముడు,
డెల్

*

పైన్‌హుక్
జూలై 29, 1996

డెల్,

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అవి ఎంత చెబితే పెట్టె అంతే చెప్పేదాకా."

శనివారం కొత్తగా పందేనికి వచ్చిన ఒకామె డచ్‌ను పట్టుకుని నిలదీసింది. "నా చక్రం కదిలింది, మీ గడియారం కదల్లేదు. నేను కళ్లారా చూశాను!" డచ్ నవ్వాడు. "అమ్మా, బయల్దేరే చోట ముందు చక్రం కాంతి గీతను మూసి ఉంచుతుంది. చక్రం దాన్ని పూర్తిగా వదిలితేనే గడియారం మొదలయ్యేది. అప్పటికి కారు ఒక అడుగు నడిచేసి ఉంటుంది. ఆ అడుగు మా లెక్కలోకి రాదు. నీకూ రాదు, నీ పక్కవాడికీ రాదు. అందుకే ఎవరికీ అన్యాయం లేదు."

ఈ మాట నేను వందసార్లు విన్నాను. వందసార్లు నేనే చెప్పాను. ఈసారి మాత్రం టవర్‌లో కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

మా గడియారం మొదటి అడుగు వదిలేస్తుంది, సరే. నీ పెట్టె డాష్‌బోర్డు మీద కూర్చుంటుంది. దానికి మా కాంతి గీత కనిపించదు. కారు కదిలిన క్షణం నుంచే అది లెక్కపెట్టాలి. అప్పుడు మా చీటీ కంటే ఎక్కువ చూపించాలి కదా? ఎలా కలిసింది? వందో వంతు తేడా లేకుండా ఎలా కలిసింది?

ఆదివారం మళ్లీ అదే కారు తెచ్చాను. పెళ్లిళ్లకు వీడియో తీసే జోయెల్‌ను పిలిచాను. వాడి కెమెరా సెకనుకు ముప్ఫై బొమ్మలు తీస్తుంది. చక్రం కదిలిన బొమ్మ నుంచి అరవై అడుగుల గుర్తు దాటిన బొమ్మదాకా ఒక్కొక్కటీ ఆపి లెక్కపెట్టాం. నేను, డచ్, జోయెల్ ముగ్గురం విడివిడిగా. నూట పదహారు. అంటే 3.87 సెకన్లు. అదే పరుగుకు మా చీటీ 3.37. నీ పెట్టె 3.36.

చురుకైన కారు ఆ మొదటి అడుగును రెప్పపాటులో మింగేస్తుంది. ఇలాంటి ముసలి కారుకు అర సెకను కావాలి. నీ 4.2కు ఆ అర సెకను కలుపు. 4.7. లారీకి 4.6. కారు ఇంకో అయిదారు అడుగులు దాటాల్సి ఉండగా లారీ వచ్చేసింది. ఆ చివరి అయిదారు అడుగుల్లోనే రేమండ్ కాలు చాపుకుని కూర్చున్నాడు.

లారీ కోడి బొమ్మ దగ్గరే ఉంది, డెల్. ఆమె చెప్పింది చెప్పినట్టే జరిగింది.

ఒక్కటే అడుగుతాను. మొదటి అడుగును పెట్టె వదిలేస్తుందని మర్చిపోయావా, తెలిసే సంతకం పెట్టావా? ఆగస్టు 20న లియోనా కోర్టులో నేరం ఒప్పుకుని సంతకం పెట్టబోతోంది.

వర్నా

*

టొలీడో
ఆగస్టు 5, 1996

వర్నా,

ఈ విషయంలో ఏమున్నా మా కంపెనీ లాయరుకు రాయి. నాకు రాయవద్దు. నా పాత ఉత్తరాలు చించెయ్యమని కోరుతున్నాను.

డి.

*

పైన్‌హుక్
ఆగస్టు 9, 1996

డెల్బర్ట్,

యాభై రెండేళ్లలో నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. జవాబు అందులోనే దొరికింది నాకు.

లియోనాకు అంతా చెప్పాను. సంతకం పెట్టదు. "నేనేం చెయ్యాలి వర్నా?" అంది. "ఏమీ చెయ్యకు. చెప్పిందే చెప్పు" అన్నాను. ఫౌట్స్‌కు వీడియో ఇచ్చాను. కుర్రాడైనా తెలివైనవాడు. చూసి, "ఇది బానే ఉంది గానీ, పెళ్లి కెమెరా ముందు ఇంజనీరు సంతకమంటే జడ్జి ఇంజనీరు వైపే చూస్తాడు. మీ తమ్ముడి నుంచి కాగితం మీద ఏమైనా ఉందా?" అని అడిగాడు.

ఉందని చెప్పలేదు. లేదనీ చెప్పలేదు. పెట్టెను మా చీటీలకు సరిపెట్టామని నువ్వు రాసిన జూలై 15 నాటి ఉత్తరం నా సంచిలో ఉంది. చించలేదు. రోజూ ట్రాక్‌కు తీసుకెళ్తున్నాను, తెస్తున్నాను. పామును సంచిలో పెట్టుకు తిరుగుతున్నట్టుంది.

19వ తేదీ సాయంత్రం దాకా చూస్తాను. 20 పొద్దున్నే ఫౌట్స్ చేతిలో పెడతాను. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు. నిన్ను పెంచింది నేను. నిన్ను కోర్టుకు పట్టించేదీ నేనే అయితే ఇక నిద్ర పడుతుందో లేదో తెలియదు. అయినా ఇస్తాను. ఆమె రెండేళ్లు జైల్లో కూర్చుంటే అసలే పట్టదు.

నువ్వు అలా చెయ్యనివ్వవని ఇంకా అనుకుంటున్నాను.

వర్నా

*

టొలీడో
ఆగస్టు 15, 1996

అక్కా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది చించకముందే పోస్టులో వేస్తాను.

మా మొదటి పెట్టె నిజమే చెప్పేది. కదిలిన క్షణం నుంచి లెక్కపెట్టేది. పందెగాళ్లు కొన్నారు, వారం తిరక్కుండా వెనక్కి తెచ్చారు. "ట్రాక్ చీటీలో నా కారు పులి, మీ పెట్టెలో గొర్రె" అన్నాడు ఒకడు. హోవార్డ్ నన్ను పక్కకు తీసుకెళ్లి, "డెల్, వాళ్లకు నిజం అక్కర్లేదు, చీటీ కావాలి. చీటీయే ఇద్దాం" అన్నాడు. పెట్టె ప్రోగ్రాములో రెండు పంక్తులు మార్చాను. మొదటి అడుగు లెక్కలోంచి తీసేశాను. అమ్మకాలు నిలబడ్డాయి. పందేనికి అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ పెట్టెతో ఇచ్చే పుస్తకంలో ఆ మాట రాయలేదు. పోలీసులు కొనడం మొదలుపెట్టినప్పుడు కూడా రాయలేదు. రాస్తే, "మరి నిన్నటిదాకా?" అని అడుగుతారు.

మర్చిపోయావా, తెలుసా అని అడిగావు. కాబ్ కార్నర్‌లో నిలబడి 4.2 చూసినప్పుడు గుర్తు రాలేదు. ఇది ప్రమాణం చేసి చెప్పగలను. తిరిగి వస్తుంటే ఫోర్ట్ వేన్ దాటాక గుర్తొచ్చింది. కారు పక్కకు ఆపాను. అర సెకనే కదా, దానితో ఏం మారుతుంది అనుకున్నాను. కలిపి చూడటానికి నిమిషం చాలు. కాగితం ఉంది, పెన్ను ఉంది. కలపలేదు. కలిపితే ఏం వస్తుందో లోపల ఎక్కడో తెలుసు కాబట్టే కలపలేదు. మళ్లీ కారు స్టార్ట్ చేశాను.

జూన్‌లో నీకు ముక్కు లేవడం గురించి అంత వివరంగా రాశాను చూడు. నువ్వు అటే చూస్తూ ఉండాలని.

ఆ ఉత్తరం ఫౌట్స్‌కు ఇవ్వద్దు. 20న నేనే కోర్టుకు వస్తాను. హోవార్డ్‌కు ఇవాళ చెప్పాను. టేబుల్ మీద కప్పు విసిరికొట్టాడు. నువ్వు బెదిరించావు కాబట్టి వస్తున్నానా, లేకపోయినా వచ్చేవాడినా? నాకు తెలియదు. వచ్చేవాడినని అనుకోవాలని ఉంది.

డెల్

*

పైన్‌హుక్
సెప్టెంబరు 2, 1996

డెల్,

సాక్ష్యం చెప్పగానే కోర్టు మెట్లు దిగి నేరుగా కారెక్కి వెళ్లిపోయావు. వెనకే పరిగెత్తాను, ఈ వయసులో, హీల్స్ చెప్పులతో. నువ్వు అద్దంలో చూసే ఉంటావు.

నువ్వు వెళ్లాక జరిగింది చెప్తాను. సర్కారు లాయరు అరగంట గడువు అడిగాడు. ఆ అరగంటా లియోనా బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది, కదల్లేదు. తర్వాత వాళ్లు కేసు వెనక్కి తీసుకున్నారు. జడ్జి ఆమెతో, "మీరు వెళ్లవచ్చు" అన్నాడు. ఆమె లేవలేదు. "నేను చెప్పింది నిజమని రాస్తారా, లేక ఊరికే వెళ్లమంటారా?" అని అడిగింది. జడ్జి కళ్లద్దాలు తీసి, "రాయిస్తానమ్మా" అన్నాడు. రాయించాడు.

బయట విలేకరి ఎవరో "సంతోషంగా ఉందా?" అన్నాడు. వాణ్ని కొట్టబోయాను. డచ్ పట్టుకున్నాడు.

సంతోషం ఎక్కడిది? ఇంటికి వెళ్తుంటే కారులో లియోనా అంది: "అయితే నా కారే అంత నెమ్మది. అది తెలిసుంటే లారీ పోయేదాకా ఆగేదాన్ని." ఇల్లు దగ్గరయ్యాక మళ్లీ అంది: "మీ తమ్ముడు 'తప్పు నాదే' అన్నప్పుడు నా వైపే చూసి అన్నాడు. జడ్జిని చూసి అనలేదు. అది చెప్పు అతనికి."

చెప్పాను.

నీ ఉత్తరం తీసి బీరువాలో పెట్టాను. మోయాల్సిన పని తీరింది. నేను నిన్ను క్షమించానా లేదా అని అడక్కు. ఒకసారి రా. చూసి చెప్తాను.

అక్క

*

టొలీడో
అక్టోబరు 14, 1996

అక్కా,

కంపెనీలోంచి తీసేశారు. ఒప్పందం పోయింది. హోవార్డ్ ఫోన్ ఎత్తడు. ఇవన్నీ ముందే అనుకున్నవి.

అనుకోనిది ఇంకోటి ఉంది. నేను ఇప్పటిదాకా సంతకం పెట్టిన రిపోర్టులు పంతొమ్మిది. అన్నిటి నకళ్లూ వంటింటి బల్ల మీద పరిచి నెల రోజులుగా మళ్లీ లెక్క కడుతున్నాను. పదహారింటిలో అర సెకనుతో ఏమీ మారదు. రెండింటిలో మారుతుందో లేదో తేలలేదు. వాళ్ల లాయర్లకు రాశాను. ఒకదానిలో మారుతుంది.

లైమాలో ఉంటాడు, పేరు కాల్విన్ రూల్. తన ఇంటి దారిలోంచి రోడ్డెక్కుతుంటే మోటారు సైకిలు వచ్చి గుద్దుకుంది. దాని మీది మనిషికి నడుము పడిపోయింది. "అతను చాలా దూరంలో ఉన్నాడు" అని రూల్ ఎంత మొత్తుకున్నా, నా పెట్టె కాదంది. పద్నాలుగు నెలలు లోపలున్నాడు. శిక్ష పూర్తయి కిందటి వేసవిలో బయటికొచ్చాడు.

ఉత్తరం రాయడం సరికాదనిపించింది. నిన్న వెళ్లాను.

ఇంటి ముందు గడ్డి కోసే మిషను విప్పి కూర్చున్నాడు. నేనెవరో చెప్పాను. లేచి నిలబడ్డాడు. చేతిలో స్పానరు ఉంది. కొడతాడనుకున్నాను, కొట్టినా కదలకూడదనుకున్నాను. మొత్తం చెప్పాను. మొదటి అడుగు గురించి, రెండు పంక్తుల గురించి, కలపని లెక్క గురించి.

"ఎంత?" అన్నాడు చివరికి.

"అర సెకను."

స్పానరు గడ్డిలో పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఇక్కడే ఉండు. వెళ్లిపోకు" అని లోపలికి వెళ్లాడు. ఫోన్ చేస్తున్నాడనుకున్నాను, పోలీసులకో లాయరుకో. భార్యను తీసుకొచ్చాడు. ఆమె చేతులకు పిండి ఉంది. గడపలోనే ఆగిపోయింది, అతని పక్కకు రాలేదు.

"ఇతను నాకు చెప్పిందంతా నీకూ చెప్తాడు" అన్నాడు ఆమెతో. తర్వాత నా వైపు తిరిగాడు. "మళ్లీ చెప్పు బాబూ. మొదటి నుంచీ చెప్పు. నేను అబద్ధమాడానని ఈమె ఇప్పటికీ అనుకుంటోంది."

చెప్పాను, అక్కా. రెండోసారి మరీ కష్టమైంది. ఆమె మొహం చూస్తూ చెప్పాల్సి వచ్చింది.

డెల్